కరెంటు లేని రోజు ఆగని గాలి పంపు

చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. బంధువుల్లో ఎవరైనా గాలి సోకిందనో, పాతింట్లో అడుగుల చప్పుడు వినిపించిందనో మొదలుపెడితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయే మనిషిని. దయ్యాలంటే నాకు భయం కూడా ఉండేది కాదు. భయపడాలంటే ముందు ఎంతో కొంత నమ్మాలి కదా. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మాది పర్చూరు. మావారు కోటేశ్వరరావు మిర్చి, పత్తి వేసేవారు. రెండేళ్ల కిందట గుంటూరు యార్డుకు వెళ్లే లారీ మీద మిర్చి టిక్కీ బస్తాలకు తాడు బిగిస్తుంటే తాడు తెగి వెనక్కి పడ్డారు. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. తల, భుజాలు బాగానే కదులుతాయి. చేతులు కొద్దిగా లేస్తాయి కానీ వేళ్లలో పట్టు లేదు. ఛాతీ కిందనుంచి స్పర్శ లేదు. తనంతట తాను పక్కకు తిరగలేరు.

ఇలాంటివాళ్లకు అసలు శత్రువు పడక పుండ్లు. అందుకని గాలి పరుపు కొన్నాం. దానికో చిన్న కరెంటు పంపు ఉంటుంది. అది పరుపులోని గొట్టాల్లోకి మార్చి మార్చి గాలి కొడుతూ, ఒంటి బరువు ఒకేచోట పడకుండా చూస్తుంది. పంపు ఆగితే కాసేపటికే పరుపు చప్పబడిపోతుంది.

నేను చిలకలూరిపేట దగ్గర కాలేజీలో పనిచేస్తాను. నేను బస్సెక్కాక ఆదెమ్మ అనే ఆవిడ వచ్చి సాయంత్రం దాకా ఆయన్ని చూసుకుంటుంది. ఒకసారి ఆవిడ మిక్సీ కోసం పంపు ప్లగ్ తీసి, మళ్లీ పెట్టడం మర్చిపోయింది. నేను వచ్చేసరికి ఆయన చెక్క మీద పడుకున్నట్టు ఉన్నారు. నడుము కింద పుండు పడింది. అది మానేసరికి నెలలు పట్టింది. మరోసారి ఇలా అయితే ఎముక దాకా పోతుందని డాక్టరు హెచ్చరించారు.

ఇంకోసారి కానివ్వకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. స్మార్ట్ ప్లగ్ తెప్పించాను. గోడ సాకెట్‌లో అది, దానిలో పంపు. వైఫైకి కలిపితే పంపు నడుస్తోందో లేదో, ఎంత కరెంటు తీసుకుంటోందో నా ఫోనులో కనిపిస్తుంది. ఆగితే వెంటనే మోగుతుంది.

చెప్పినంత తేలిగ్గా అది కలవలేదు. దాని చిన్న లైటు టపటపా కొట్టుకోవడం, కాసేపటికి ఆరిపోవడం, యాప్ ‘పరికరం దొరకలేదు’ అనడం. ఆదివారం పొద్దుటినుంచి నేల మీద కూర్చుని అదే పని.

“వదిలెయ్ పద్మా, ఆదెమ్మకు ఇంకోసారి చెబుదాంలే,” అన్నారు మంచం మీంచి.

“వదలనండీ. దీని సంగతేదో ఇవాళ తేలాల్సిందే.”

చివరికి తెలిసింది, మా రూటర్ రెండు రకాల సిగ్నళ్లను ఒకే పేరుతో పంపుతోంది, ప్లగ్ వాటిలో ఒకదాన్నే పట్టుకోగలదు. రెంటికీ వేరు వేరు పేర్లు పెట్టాను. లైటు కొట్టుకోవడం ఆగి నిలకడగా వెలిగింది. ఆయన నవ్వారు. ఆ రోజునుంచి క్లాసుకీ క్లాసుకీ మధ్య ఫోను తీసి ఆ గీత చూసుకోవడం అలవాటైపోయింది. పంపు నడుస్తుంటే గీత చిన్న చిన్న అలల్లా లేస్తూ పడుతూ ఉంటుంది. ఇన్వర్టర్ కూడా కొనాలనుకున్నాం గానీ అప్పటికింకా కొనలేదు.

ఆ ఏడాది తుఫాను వచ్చింది. వరుసగా సెలవులిచ్చాక ఒకరోజు వాన తెరిపిచ్చిందని కాలేజీ తెరిచారు. ఆయనకు స్నానం, టిఫిను అయ్యాక వెల్లకిలా పడుకోబెట్టాను. పక్కకు తిప్పినప్పుడు మోకాళ్ల మధ్య పెట్టే దిండుకు ఉతికిన గలీబు తొడిగి బీరువా మీద పెట్టాను. పంపు నడుస్తోందని చూసుకుని బయట తాళం వేశాను. రెండో తాళంచెవి ఎప్పుడూ ఆదెమ్మ దగ్గరే ఉంటుంది. దార్లో ఫోను చేస్తే, “బయల్దేరుతున్నానమ్మా,” అంది.

మధ్యాహ్నానికి గాలివాన మళ్లీ అందుకుంది. కాలేజీ వదిలేశారు. మా బస్సు సగం దారిలో వాగు దగ్గర ఆగిపోయింది. పైనుంచి నీళ్లు ఒక్కసారిగా వచ్చి చప్టా మునిగిపోయింది. ఎర్రటి నీళ్లలో పత్తి మొక్కలు వేళ్లతో సహా కొట్టుకొస్తున్నాయి.

ఆయనకు ఫోను చేస్తే కలవలేదు. ఆదెమ్మకు చేస్తే కలవలేదు. పక్కింటివాళ్లదీ అంతే. యాప్ తెరిస్తే పంపు నడుస్తోంది. అలలు సక్రమంగా లేచి పడుతున్నాయి. అంటే ఇంట్లో కరెంటు ఉంది, వైఫై ఉంది, గాలివానకు కాల్స్ మాత్రం కలవడం లేదు అనుకున్నాను. అయినా మనసు ఆగలేదు. ఆదెమ్మ వచ్చిందో లేదో, ఆయన్ని తిప్పిందో లేదో.

కొందరు ఒకరి చేతులొకరు పట్టుకుని దాటడానికి దిగారు. నేనూ చెప్పులు చేతిలో పట్టుకుని వాళ్ల వెనకే దిగాను. నీళ్లు మోకాళ్లు దాటాయి.

“మేడమ్ గారూ, వెనక్కి రండి! లోపల గుంటలు పడ్డాయి,” అని కండక్టరు అరిచాడు.

అక్కడే నిలబడి, వానలో చీర కొంగు అడ్డం పెట్టుకుని, మరోసారి ఫోను చూశాను. పంపు నడుస్తోంది. కళ్లు మూసుకుని, ఆయన్ని ఎలా తిప్పుతానో మొదటినుంచి చివరిదాకా మనసులో తిప్పాను. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి, వీపు వెనక చుట్టిన దుప్పటి, మోకాళ్ల మధ్య దిండు. ఎందుకలా చేశానో తెలియదు. తరవాత వెనక్కి తిరిగి గట్టెక్కాను. ముందు వెళ్లినవాళ్లలో ఒకతను జారి చాలా దూరం కొట్టుకుపోయాడు. తుమ్మ చెట్టు కొమ్మ దొరికి బతికాడు.

సాయంత్రానికి నీళ్లు తగ్గితే ట్రాక్టరు మీద దాటించారు. ఊళ్లోకి వస్తూనే మెయిన్ రోడ్డు మీద కరెంటు స్తంభాలు అడ్డంగా పడి ఉన్నాయి. ఒక్క ఇంట్లోనూ లైటు లేదు. తీగలు పక్కకు లాగుతున్న లైన్‌మన్‌ని అడిగాను, ఎంతసేపయింది పోయి అని.

“పొద్దున్నే పోయిందండీ. సబ్‌స్టేషన్ దగ్గరే ఆపేశారు. ఊరంతా లేదు. రేపటికి గానీ రాదు,” అన్నాడు.

రోడ్డు మీదే నిలబడి ఫోను చూశాను. పంపు నడుస్తోందనే చూపిస్తోంది.

ఇంటికి పరిగెత్తాను. తాళం నేను వేసినట్టే ఉంది. తలుపు దగ్గరికి రాగానే లోపలినుంచి సన్నగా పంపు మోత వినిపించింది. రోజూ ఆ మోత పక్కనే పడుకుంటున్నాను, పొరబడే అవకాశం లేదు. తాళంచెవి తిప్పాను. మోత ఆగింది. చేతిలో ఫోను మోగింది. ప్లగ్ ఆఫ్‌లైన్ అని.

లోపల రూటర్‌కు లైటు లేదు. ప్లగ్‌కు లైటు లేదు. పరుపు మీద చెయ్యి వేసి చూశాను. బిగుతుగా ఉంది. నా చేతి కింద, నేను చూస్తుండగానే, మెల్లగా చప్పబడటం మొదలుపెట్టింది.

ఆయన ఎడమ పక్కకు తిరిగి నిద్రపోతున్నారు. వీపు వెనక చుట్టిన దుప్పటి. మోకాళ్ల మధ్య, ఉతికిన గలీబుతో, ఆ దిండు.

లేపి, “ఆదెమ్మ ఎప్పుడెళ్లిందండీ?” అని అడిగాను.

“ఆదెమ్మా? ఇవాళ రాలేదుగా. నువ్వే వచ్చావు.”

“నేనిప్పుడే వస్తున్నాను.”

“అదేంటి పద్మా? మధ్యాహ్నం వచ్చి తిప్పి వెళ్లావు. తడిసి ముద్దయిపోయున్నావు. నా మెడ మీద చెయ్యి వేస్తే జిల్లుమంది. అన్నం తిన్నావా అనడిగితే పలకవే? రెండుసార్లు పిలిచా. అటే వెళ్లిపోయావు.”

ఆయనకు జ్వరం లేదు. మాట తడబడలేదు. ఇంకెవరైనా అయ్యుంటారేమో అంటే కోప్పడ్డారు. “నా పెళ్లాన్ని నేను గుర్తుపట్టలేనా?” అన్నారు.

మర్నాడు ఆదెమ్మ ఏడుస్తూ వచ్చింది. వాళ్ల వీధిలోకి నీళ్లొచ్చి, పిల్లల్ని తీసుకుని స్కూలు మేడ ఎక్కిందట. తాళంచెవి ఆవిడ కొంగుకే ముడేసి ఉంది. వారం తిరక్కుండా ఇన్వర్టర్ పెట్టించాను. పుండు పడిన చోట చర్మం ఎర్రబడను కూడా లేదని డాక్టరు చూసి చెప్పారు.

నేను ఊరుకోలేదు. ముందుగా, యాప్ పాత వివరాలే చూపించి ఉంటుందనుకున్నాను. అలాగైతే గీత ఎక్కడో ఆగిపోవాలి. ఆగలేదు. వాడిన కరెంటు కూడా సాయంత్రం దాకా లెక్కలో కలుస్తూనే వచ్చింది. కంపెనీకి రాశాను. ఆ వివరాలన్నీ ప్లగ్ నుంచే తమకు అందాయని, అందులో లోపమేమీ కనబడలేదని జవాబిచ్చారు.

తరవాత ఒక ఆదివారం ఇన్వర్టర్ ఆపేసి, ఆయన్ని కుర్చీలోకి మార్చి, పరుపు మీద బియ్యం బస్తా పెట్టి మెయిన్ స్విచ్ కట్టేశాను. కాసేపటికే ఫోను మోగి ప్లగ్ ఆఫ్‌లైన్ అంది. పొయ్యి మీద పెట్టిన అన్నం ఉడికేలోపు పరుపు మంచానికి అంటుకుపోయింది. మరో ఆదివారం మళ్లీ చేశాను. మా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన ప్లగ్ విప్పి చూసి, ఇందులో బ్యాటరీ లాంటిదేమీ లేదు మేడమ్, అని మళ్లీ బిగించి ఇచ్చారు. ప్రతిసారీ ఫిజిక్స్ చెప్పినట్టే జరిగింది. ఆ ఒక్కరోజు తప్ప.

పరుపు సంగతి ఎప్పటికైనా ఎవరైనా తేల్చవచ్చు. ఆ దిండు బీరువా మీదనుంచి ఎలా దిగిందో ఎవరు తేలుస్తారు? ఆయన్ని తిప్పాలంటే నాకే రెండు చేతుల బలమూ కావాలి.

ఆ ప్లగ్ ఇప్పటికీ అదే సాకెట్‌లో ఉంది. ఇప్పటికీ క్లాసుల మధ్య గీత చూసుకుంటాను. ఆయన చేతి వేళ్లలో ఈ మధ్య కాస్త కదలిక వచ్చింది. దానికోసం రోజూ రెండు పూటలా చేయించే వ్యాయామం ఒక్కపూట కూడా మాననివ్వను.

మొన్నొకరోజు వేళ్లు మడిచి తెరిపిస్తుంటే ఉన్నట్టుండి అడిగారు.

“ఆ రోజు పిలిస్తే ఎందుకు పలకలేదు పద్మా?”

అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా, వచ్చింది నేను కాదండీ అనేదాన్ని. ఈసారి ఆ మాట రాలేదు.

“మళ్లీ వాగు దగ్గరికి వెళ్లాలిగా, తొందర,” అన్నాను.

ఆయన సరేనన్నట్టు తలూపి రెండో చెయ్యి ఇచ్చారు. అలా ఎందుకన్నానో నాకు తెలియదు. అంటున్నప్పుడు అబద్ధం చెబుతున్నట్టు మాత్రం అనిపించలేదు.