నాయన వేలు, నా బీబీఏ సీటు

ఇంటర్ బైపీసీ అయ్యాక నాకు బీబీఏ చదవాలనిపించింది. నాయన మాత్రం బీఎస్సీ జువాలజీయే చదవాలని పట్టుబట్టి, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలలోని ఒక కాలేజీకి తీసుకెళ్లాడు. ల్యాబ్‌లో మేడమ్ బ్లడ్ గ్రూప్ పరీక్ష చేసి చూపిస్తానంటే నేను వెనకడుగు వేశాను.

"సూదికి ఎవరన్నా భయపడతారా? వేలు ఇట్ల పెట్టాల!" అంటూ నాయన మీసం దువ్వి ముందుకొచ్చాడు. ఎర్రటి చుక్క కనబడిందో లేదో, నిలువునా నా మీద ఒరిగిపోయాడు. ముఖాన నీళ్లు చల్లగానే కళ్లు తెరిచి, "మేడమ్, బీబీఏ వాళ్లు యాడుంటారు?" అన్నాడు.

తిరుగు బస్సులో "మీ అమ్మకు చెప్పద్దు పాపా" అని బతిమాలాడు. ఇప్పుడు నేను బీబీఏ రెండో సంవత్సరం. ఇంతవరకూ మాట తప్పలేదు. కానీ ఈ పత్రికలో ఈ పేజీని అమ్మ ఒక్క వారం కూడా చదవకుండా వదలదు. క్షమించు నాయనా!