మగ్గం గుంటలో కాలు

నా చిన్నప్పుడు పెడనలో మా ఇంట్లో గొప్పలన్నీ మా బాబాయివే. ముల్లు గుచ్చుకున్నా, చెక్క గీరుకున్నా తనకు చీమ కుట్టినట్టయినా ఉండదని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు. నొప్పి అన్నవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. ఆయనంటే నాకు చిన్నచూపు ఆ తర్వాత ఏర్పడింది, ఇప్పటికీ పోలేదు.

మాది గుంట మగ్గం. నేతగాడు గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాడు. చేతులు గరుకెక్కితే పోగు తెగుతుందని బాబాయి వాటికి రోజూ కొబ్బరినూనె రాసుకునేవాడు. పొద్దస్తమానం చీకట్లో ఉండే కాళ్ల మొహం మాత్రం ఎన్నడూ చూడలేదు. కాళ్లు లేకపోతే మగ్గం కదలదని ఎనిమిదేళ్లదాన్ని, నాకే తెలుసు. చక్కెర జబ్బుందని డాక్టరు చెబితే, రాజులకొచ్చే రోగమని మురిసిపోయిన మనిషికి ఏం చెప్పగలం?

ఒకరోజు ఇంట్లో కంపు మొదలైంది. ఎలుక చచ్చిందని అందరం మూలమూలలా వెతికాం. మా నాయనమ్మ వెతకలేదు. మా తాతయ్య కాలు తీసేయడానికి ముందు వచ్చిన వాసన ఆవిడ మరిచిపోలేదు. మోకాలి కింద తీసేశాక తాతయ్య మళ్లీ మగ్గం మీద కూర్చోనేలేదు. కాలు చూపించమని ఆవిడ అడిగితే బాబాయి నవ్వేశాడు. దాంతో ఆవిడ నా చేతిలో ఎర్ర నూలు పోగు పెట్టి, వాడి బొటనవేలికి వదులుగా కట్టి రమ్మంది.

అప్పుడాయన నేత ఆపి, కాళ్లు గుంటలోనే ఉంచి, గుడివాడ నుంచి వచ్చిన బట్టల వ్యాపారికి తన ఒంటి గట్టితనం వర్ణిస్తున్నాడు. నేను మగ్గం కిందనుంచి పాకి వెళ్లి రెండు ముడులు వేశాను. ఆయన మాట ఆగలేదు.

భోజనానికి లేస్తే పోగు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. వ్యాపారితో సహా అందరం నవ్వాం. నాయనమ్మ నవ్వలేదు.

"పసిపిల్ల ముడులేస్తే తెలీలేదే నీకు! అది కాలా, కర్రా? పాదం ఎత్తరా!"

ఎత్తాడు. బొటనవేలి కింద పుండు, చింతగింజ పట్టేంత లోతు. చుట్టూ చర్మం నల్లబడింది.

"నొప్పే లేదమ్మా," అన్నాడు, ఇంకా గొప్పగానే.

"మీ నాన్నా ఇదే అన్నాడు," అంది ఆవిడ.

ఆ మధ్యాహ్నం బస్సుకే బందరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఇంకో వారం ఆగితే మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చేదట. చచ్చిన కండ తొలగించి, ఒక్క బొటనవేలు తీయడంతో సరిపెట్టి, పాదం నిలబెట్టారు. రెండు నెలలు ఆ పాదం నేల మోపొద్దన్నారు, రోజూ కట్టు మార్చమన్నారు, చక్కెర అదుపులో ఉంచుకోమన్నారు. నాయనమ్మ దగ్గరుండి అన్నీ చేయించింది. ఆయన మళ్లీ మగ్గం తొక్కాడు.

సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? కత్తి పెట్టి కోస్తుంటే కిక్కురుమనలేదని ఊరంతా చెప్పుకున్నాడు. మొద్దుబారిన పాదాన్ని ధైర్యమనుకునే మనిషిని ఏమనాలి? ఒక ముసలామె ముక్కు పనిచేయకపోతే ఆ ధైర్యానికి ఒంటికాలే మిగిలేది.

ఇప్పుడు నాకూ షుగర్ ఉంది. రోజూ సాయంత్రం అద్దం నేల మీద పెట్టి అరికాళ్లు చూసుకుంటాను, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకుంటాను. మొన్న మడమ మీద చిన్న బొబ్బ కనిపించింది. ఆ పూటే ఆటో ఎక్కి వెళ్లి, మూలుగుతున్నవాళ్ల వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చాక, నొప్పి ఎంతగా ఉందండీ అని కుర్ర డాక్టరు తలెత్తకుండా అడిగాడు.

"అసలు లేదండీ. అందుకే వచ్చాను," అన్నాను.