ఆమె మాట నేను మాట్లాడాను

నా భార్య రొమ్ములో గడ్డ ఉందని డాక్టరుకు మొదట చెప్పింది నేను. ఆమె నా పక్కనే కూర్చుని ఉంది.

మాది తాడిపత్రి దగ్గర పల్లె. నేను చీనీ తోటల బేరగాణ్ణి. బయటి జిల్లాలవాళ్ళు బత్తాయి అంటారే, అదే చీనీ. మా పనిలో ఒక పద్ధతి ఉంది. తోట రైతూ కొనే వ్యాపారీ ఒకరితో ఒకరు నేరుగా ధర మాట్లాడుకోరు. రైతు తన మాట నా చెవిలో వేస్తాడు, నేను వ్యాపారికి చెబుతాను. చెట్టు కింద ముగ్గురమూ నిలబడి ఉన్నా నోరు మాత్రం నాదే. ఏళ్ళ తరబడి ఆ పని చేసి, ఎవరి తరఫునైనా నేను మాట్లాడితేనే పని సక్రమంగా జరుగుతుందని నమ్మాను. ఆసుపత్రికి కూడా ఆ నోటితోనే పోయాను.

స్నానం చేస్తుంటే ఆమె చేతికి తగిలిందట. కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఒక ఉదయం నాకు సంగటి పెడుతూ చెప్పింది.

"ఈడ గట్టిగా ఏందో ఉండాది. శెనక్కాయ అంత."

"నొస్తాందా?"

"నొయ్యదు."

"నొయ్యకుంటే ఇంగేమి?"

మా వైపు నొప్పే రోగానికి సాక్షి. నొప్పి లేకపోతే రోగం లేనట్టే. అట్లాంటి గడ్డ మొదట్లో చాలామందికి నొయ్యదనీ, నొయ్యదు కదా అని వదిలెయ్యకూడదనీ నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. సంగతి తెలిసి ఆమె అక్క పోరగా పోరగా తాడిపత్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాను.

"ఏమ్మా, ఏమైంది?" అని డాక్టరు ఆమెను అడిగాడు.

"రొమ్ములో చిన్న గడ్డ సార్. నొప్పేమీ లేదు" అన్నాను నేను.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"ఈ మధ్యనే సార్" అన్నదీ నేనే.

"చూడాల. ఆ లోపల మంచం మీద పడుకోమ్మా."

ఆమె చెంగు సర్దుకుని సగం లేచింది. నేను మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"ఆడ డాక్టరు లేరా సార్?"

"ఈడ లేరప్పా. అనంతపురం పోవాల."

"అట్లయితే మందులు రాయండి సార్. తోటలు కోతకొచ్చినాయి. తగ్గకపోతే అప్పుడు పోతాంలే."

ఆయన కాసేపు నా వైపే చూశాడు. బయట జనం ఎదురుచూస్తున్నారు. "కొవ్వు గడ్డ అయ్యుంటాదిలే" అని మాత్రలు రాశాడు. స్కానింగు రాయలేదు. ఫలానా డాక్టరు దగ్గర చూపించుకోవాలని కాగితం మీద పెట్టలేదు.

మాత్రలు అయిపోయినా గడ్డ అట్లాగే ఉంది. ఈసారి నేనొక్కణ్ణే పోయాను. కాయ లారీకెత్తించే పని మీద తాడిపత్రి పోతూ, దారిలోనే కదా అని ఆగాను. రోగి ఇంట్లో ఉంది. ఆమె ఒంట్లో సంగతి నేను చెప్పాను, ఆయన విన్నాడు. ఆమె ఏదని ఆయన అడగలేదు. అవే మాత్రలు మళ్ళీ రాశాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. బోర్లు ఎండిపోయి రైతులు ట్యాంకర్లతో నీళ్ళు పోసి చెట్లను బతికించుకుంటున్నారు. నేను ఏ తోట నిలుస్తుందో, ఏది పోతుందో చూసుకుంటూ తిరుగుతున్నాను. ఒకరోజు ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తుంటే ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇదో, గడ్డ కాడ తోలు చీనీకాయ తొక్క మాదిరి అయిండాది. గుంటలు గుంటలు. చనుమొన కూడా లోపలికి పోయిండాది."

నేను నవ్వాను. "చీనీ బేరగాని పెండ్లానికి ఇంగేం తొక్క వస్తాదిమే?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "చంకలో కూడా ఏందో తగుల్తాంది" అని మాత్రం అని వంటింట్లోకి పోయింది.

కాయ తొక్క చూసి చెట్టుకు ఏ తెగులో చెప్పేస్తానని నాకు ఊళ్ళో పేరు. ఆ మాట విన్నాక కూడా, ఏదీ చూపించు అని నేను అడగలేదు.

చివరికి వాళ్ళక్కే వచ్చింది. "నీకు చెప్పి లాభం లేదప్పా. నువ్వు తోటలు చూసుకో, నా చెల్లెల్ని నేను చూసుకుంటా" అని కూలి మానుకుని అనంతపురం తీసుకుపోయింది. అక్కడ ఆడ డాక్టరు చెయ్యి పెట్టి చూసి, ఆ రోజే స్కానింగూ సూది పరీక్షా రాసింది. ఫలితం వచ్చాక నన్ను పిలిపించింది.

"తోలు అట్లా అయ్యిండాది, మొన లోపలికి పోయిండాది, చంకలో గడ్డ ఉండాది. ఇన్ని కనపడతాంటే ఇన్నాళ్ళు ఏం చేస్తాంటివప్పా?"

క్యాన్సరు చంకలోకి పాకింది. రొమ్ము మొత్తం తీసేశారు. ముందే వచ్చుంటే గడ్డ వరకే తీసేవాళ్ళేమో, గట్టిగా చెప్పలేమన్నారు. ఆ తర్వాత కీమో మందులెక్కించుకోవడానికి కర్నూలుకు తిరిగాం. దువ్వెనకు జుట్టు ఊడివస్తుంటే ఆమె ఒకరోజు దువ్వెననే చెత్తలో పారేసింది.

నాకు కోపం పుట్టింది. కోపానికి ఒక మనిషి కావాలి, డాక్టరు దొరికాడు. కేసు వేద్దామన్నాను. ఆమె కూడా వేయాల్సిందే అంది. అనంతపురంలో ఒక లాయరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మాకు అర్థమయ్యేట్టు చెప్పింది.

"ఆసుపత్రి నుంచి మీ కాగితాల నకళ్ళు అడిగి తీసుకోండి. రోగి అడిగితే ఇయ్యాల్సిందే, అది మీ హక్కు. ఫీజు కట్టి చూపించుకున్నారు కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. రెండేళ్ళు దాటనీయకూడదు. కానీ ఆలస్యమైందంటే చాలదప్పా. జాగ్రత్తగా చూసే డాక్టరెవరూ ఇట్లా చేయరని ఇంకో డాక్టరు చెప్పాల. ఆ ఆలస్యంతోనే నష్టం జరిగిందని మనం చూపించాల. సరే, డాక్టరు చెయ్యి పెట్టి చూసినాడా?"

"తాకనే లేదు మేడం" అన్నాను. అది నిజం.

"చూస్తానని అన్లేదా?"

"అన్లేదు" అన్నాను. అది అబద్ధం. బేరంలో అట్లాంటివి నాకు అలవాటే.

నా భార్య తలమీది కొంగు సర్దుకుంది. "అన్న్యాడు మేడం. ఈయప్పే వద్దన్న్యాడు."

లాయరమ్మ రాయడం ఆపింది. మళ్ళీ నా భార్యే అడిగింది.

"ఇద్దరి మీదా వేసేకి అయితాదా మేడం?"

"మొగుని మీద ఈ కమిషన్‌లో కుదరదమ్మా."

"ఊరికే అడిగితిలే."

లాయరమ్మ ఆమె వైపే తిరిగి, "నీకు చూపించుకోవడం ఇష్టమా లేదా అని డాక్టరు నిన్ను అడిగినాడా?" అంది.

"నన్నెవరు అడిగినారు మేడం? అడిగింటే చూపించేదాన్నే. దాని కోసరమే కదా పోయింది."

"అదే ముఖ్యమమ్మా. నీ ఒంటికి పరీక్ష సరేననాలన్నా వద్దనాలన్నా నువ్వే చెప్పాల. మొగుడు వద్దంటే అది నువ్వు వద్దన్నట్టు కాదు. ఆ సంగతి డాక్టరుకు తెలిసుండాల. ఆయన తప్పు ఆయనకు ఉండాది." నా వైపు తిరిగింది. "కానీ వాళ్ళ లాయరు నిన్నే పట్టుకుంటాడు. అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్తావా? ఇందాక చెప్పినట్టు చెప్తావా?"

"ఉన్నదున్నట్టే చెప్తా మేడం" అన్నాను. నన్ను బయట కూర్చోమంది. తలుపు అవతల నా భార్య గొంతు చాలాసేపు వినిపించింది. అంత మాట్లాడుతుందని నాకు తెలియదు.

కేసు వేశాం. ఇప్పుడు డాక్టరు తరఫున జవాబు వచ్చింది. పరీక్షకు భర్త ఒప్పుకోలేదని అందులో ఉంది. రోగి లేకుండానే రెండోసారి మందులు రాసిన సంగతి లేదు. ఆ రెండూ నేను కమిషన్ ముందుకు పోయి చెప్పాలి. చెబితే కేసు నిలుస్తుందో పడిపోతుందో లాయరమ్మ కూడా చెప్పలేకపోయింది. నాతో బేరాలు చేసే ఒకాయన, "ఏమప్పా, నీ పెండ్లాం కేసు నువ్వే చెడగొడతావా? ఆ మాట ఎత్తకుంటే అయిపోతాది కదా" అన్నాడు.

ఆ మాట ఇంటికి తెచ్చి ఆమెకు చెప్పాను. ఎందుకు చెప్పానో దాచను. 'పోనీలే, ఎత్తొద్దు' అని ఆమె నోట వస్తుందేమోనని ఆశపడ్డాను.

ఆపరేషన్ అయిన వైపు చెయ్యి బిగుసుకుపోకుండా, గోడ మీద వేళ్ళు పైపైకి పాకించే కసరత్తు చేస్తోంది ఆమె. వెనక్కి తిరగలేదు.

"నువ్వు చెప్పకుంటే నేను చెప్తా" అంది.

చెయ్యి భుజం దాటి లేవడం లేదు. నేను పోయి మోచేతి కింద పట్టబోయాను.

"నేను లేపుకుంటాలే. నువ్వు జరుగు."

జరిగాను.