జోసఫ్‌కు నచ్చే బ్లేడు

ఎక్కడ బల్ల కనబడినా దాని అంచు నిమరకుండా జోసఫ్ ఉండలేడు. బ్యాంకుకు వెళితే కౌంటరు, పెళ్ళికి వెళితే పెళ్ళికూతురికిచ్చిన డ్రెస్సింగ్ టేబులు. ఒకసారి డాక్టరు గారు చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, రెండో చేత్తో ఆయన టేబులు నిమిరి, "అంచు పెచ్చులు లేచిందండి. తప్పుడు బ్లేడుతో కోశారు" అన్నాడట. ఆ తరవాత బీపీ చూసుకోవలసిన పని డాక్టరు గారికే పడింది.

చిలకలూరిపేటలో హార్డ్‌వేర్ షాపు నడిపే వీరబాబుకు జోసఫ్ అంటే హడలు. జోసఫ్ శవపెట్టెలు చేస్తాడు. పైన నున్నటి మైకా షీటు అంటించిన పలకలతో చేస్తాడు. వాటిని కోసే రంపం మిషనుకు బ్లేడు కొనడానికి వచ్చాడంటే ఆ పూట ఇంకో బేరం చూసుకోనక్కర్లేదు.

"ఇది నలభై పళ్ళదండీ. ఉత్త చెక్కకైతే సరే. మైకాని కొరికి పారేస్తుంది" అంటాడు జోసఫ్.

"పోనీ అరవై పళ్ళది తీసుకో."

"పళ్ళు సరేనండీ, కొనలు చూడండి. ఒకటి చదునుగా ఉంటే పక్కది మూలలు అరగదీసినట్టుండాలి. అప్పుడే పైపొర చిట్లదు."

"మట్టిలోకి పోయే పెట్టెకి ఇంత సోకు దేనికయ్యా?"

జోసఫ్ వినిపించుకోడు. సంచిలోంచి పలక ముక్క తీసి, షాపులో ఉన్న మిషను మీదే కోసి చూస్తాడు. రంపపు పొట్టు అంతా పక్కనున్న సువార్తమ్మ ఇడ్లీ బండి మీద పడుతుంది. ఆవిడ తిట్లు మొదలుపెడుతుంది.

ఆ ఏడు తుఫాను వానకు చేలల్లో పత్తి నల్లబడింది. మిరప తోటలు నీళ్ళలో నిలబడి చచ్చాయి. బజారులో మనిషి అలికిడి లేదు. ఆ ముసురులోనే సువార్తమ్మ జ్వరంతో పోయింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ చేతి ఇడ్లీ తిన్న వీరబాబు, షాపు సగం మూసి దిగాలుగా కూర్చున్నాడు.

జోసఫ్ తడుస్తూ వచ్చాడు. ఉన్న బ్లేడుకు పన్ను ఊడిందట. ఒక్కొక్క బ్లేడూ తీసి వెలుతురుకు పట్టి చూడసాగాడు.

"ఇవాళైనా ఏదో ఒకటి తీసుకెళ్ళు జోసఫూ" అన్నాడు వీరబాబు విసుగ్గా. "అక్కడ పాస్టరు గారు ఎదురుచూస్తున్నారు. లోపల పడుకునే మనిషికి అంచు కనబడుతుందా?"

జోసఫ్ అరమర వెనక నుంచి ఒకటి ఏరుకున్నాడు. తన షెడ్డుకు పోయి, గీత మీద టేపు అంటించి, పలకను బోర్లా పెట్టి, నింపాదిగా కోశాడు. పాస్టరు గారి నుంచి ఫోను మోగుతూనే ఉంది.

సాయంత్రం వీరబాబు సువార్తమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ భర్త జక్రయ్య పెట్టె పక్కనే కూర్చుని ఉన్నాడు. పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, ఎవరితోనూ పలకలేదు. ఆయన అరచెయ్యి మాత్రం పెట్టె అంచు వెంబడి తల దగ్గర నుంచి కాళ్ళ దాకా వెళుతోంది, మళ్ళీ వెనక్కి వస్తోంది. వచ్చిన ఆడవాళ్ళూ అక్కడే చెయ్యి ఆనించి ఏడుస్తున్నారు. వీరబాబు కూడా చెయ్యి వేశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు.

అతను జోసఫ్ వైపు చూశాడు.

"చల్లబడ్డ మొహం ముట్టుకోవడానికి జంకుతారండి" అన్నాడు జోసఫ్ మెల్లగా. "చెయ్యి అంచు దగ్గరే ఆగిపోతుంది. అక్కడ గీసుకోకూడదు కదండీ."

వీరబాబు జోసఫ్ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అప్పుడు జక్రయ్య తలెత్తాడు.

"జోసఫూ, వంటింటికి అరమర చేసిస్తానని మా ఆవిడకి ఎప్పుడో మాటిచ్చావు. పోయేదాకా నిన్ను తిడుతూనే ఉంది."

జోసఫ్ తల దించుకున్నాడు. "మంచి బ్లేడు దొరక్క ఆగానండి."

"ఇన్నేళ్ళా?"

"దొరికిందండి ఇవాళ."

 అంత ఏడుపులోనూ ఆ ముసలాయనకు నవ్వొచ్చేసింది.