పక్క ఊళ్లో దాచిన విత్తనం

మా ఆశ్రమం నడిపే పెద్దమ్మ పోయిందని ఫోను వచ్చేసరికి నేను శంషాబాద్ బజారులో ఉప్పు కొంటున్నాను. మహేశ్వరం దగ్గరి మా చిన్న ఆశ్రమంలో కొనుక్కునేది దాదాపు అదొక్కటే. మిగతాదంతా మా చేతులతో మేమే పండించుకోవాలన్నది ఆమె పెట్టిన నియమం. ఉప్పు సంచీ ఒళ్లో పెట్టుకుని బస్సులోనే ఏడ్చేశాను.

విమానాశ్రయంలో ఉద్యోగం మానేసి ఆశ్రమంలో చేరినప్పుడు నాకు వైరాగ్యం కొత్త. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, రేపటికి ఏదీ దాచుకోకూడదని తెగ నమ్మేవాణ్ణి. వానలకు ముందు ఒక భజనకు అనుకోనంత మంది వచ్చారు. వంటకు గింజలు చాల్లేదు. అటక మీద బూడిద కలిపి, మూతికి పేడ మెత్తిన జొన్నల కుండ ఉంది. విత్తనాలని తెలుసు. తెలిసే దించి, కడిగి, తిరగలిలో విసిరి, జొన్న సంకటిలాంటి గట్క వండేశాను.

పెద్దమ్మ అందరితో కూర్చుని తిన్నది. చెయ్యి కడుక్కుంటూ, "కుండ ఖాళీ చేసినవా బిడ్డా?" అంది.

"రేపటికి దాచుకోవద్దు కదా పెద్దమ్మా," అన్నాను, గర్వంగానే.

"సన్యాసికి రేపు లేకున్నా నడుస్తది. విత్తనానికి నడవదు."

ఆ ఏటి మా తిండి, ఆవుల మేత అంతా ఆ కుండలోనే ఉందని అప్పుడు తలకెక్కింది. బజారులో కొన్న విత్తనం పెద్దమ్మ చల్లదు. నా చేతులతో నేనే ఆశ్రమాన్ని ముంచాననుకున్నాను.

తెల్లారి నన్ను వెంటబెట్టుకుని పక్క ఊళ్లో ఒక రైతు ఇంటికి నడిచింది. ఆ ఇంటి అక్క మమ్మల్ని చూడగానే లోపలినుంచి ఒక కుండ తెచ్చింది. "నీ జొన్నలే పెద్దమ్మా. జర పాతయి గానీ మొలుస్తయి." ప్రతి కోతకూ ఒక కుండ ఆ ఇంట్లో ఉంచడం పెద్దమ్మ అలవాటట.

దారిలో నవ్వింది. "ఒక్క ఇంట్ల దాస్తే ఎలుకలకన్న దొరుకుతది, నీ అసొంటోనికన్న దొరుకుతది. మన కాళ్ల మీద మనం నిలబడుడంటే ఊరు లేకుంట కాదు బిడ్డా."

ఆ జొన్నలు మొలిచాయి. నేనూ అక్కడే ఉండిపోయాను. ఆమె తిట్టి ఉంటే వెళ్లిపోయేవాణ్ణేమో.

పెద్దమ్మ దినాలు అయ్యాక ఈ ఏటి కుండ పట్టుకుని ఆ అక్క ఇంటికి వెళ్లాను. వాళ్ల పొలం ప్లాట్లయింది, పెంకుటింటి చోట మేడ లేచింది. ఇగ మాకెందుకు అంటుందేమోనని గడపలోనే నిలబడ్డాను. ఆమె కుండ అందుకుని, టీవీ పక్కన ఫోటోలు జరిపి జాగా చేసింది.

"ఈడ ఎండ తగల్దు కదా?" అని నన్నే అడిగింది.

ఇంతలో పైన విమానం పోతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. ఆమె కుండ మీద చెయ్యి వేసి, మోత ఆగేదాకా తియ్యలేదు.