కల ఆవిడది, శిక్ష నాది

మా చిన్నతనంలో శ్రీకాకుళంలో కలలకున్న గౌరవం మనుషులకు ఉండేది కాదు. మనిషి మాట ఎవరైనా కొట్టిపారేయొచ్చు గానీ కలను కొట్టిపారేసే ధైర్యం ఎవరికీ లేదు. మా నాన్నగారిది బెల్లం దుకాణం. నన్ను బడికి పంపలేదు గానీ, రోజూ దుకాణం తెరవబోయే ముందు దగ్గర కూర్చోబెట్టుకుని ఆయనే అక్షరాలు దిద్దించారు (ఆ పుణ్యమే ఇవాళ ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది, ఆయనకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను). మా వీధి ఆడవాళ్ళలో చదువొచ్చింది పదకొండేళ్ళ నాకొక్కదానికే కావడంతో, పొద్దున్నే కళ్ళాపి చల్లడం అవగానే అందరూ తమ కలలు మోసుకుని మా అరుగు మీదికి వచ్చేవారు. పంచాంగం చివరి పుటల్లో స్వప్నఫలాలు వెతికి చెప్పడం నా పని. కలలో ఏడిస్తే సంతోషం, పెళ్ళి చూస్తే కీడు, తానే చచ్చిపోయినట్టు కనిపిస్తే ఆయుర్వృద్ధి. "నాను సచ్చిపోయానే పిల్లా!" అంటూ పక్కింటి అత్త నవ్వుతూ వచ్చిన రోజు నాకింకా గుర్తే.

ఆ ఏడు వైశాఖంలో అప్పన్న నిజరూప దర్శనానికి సింహాచలం వెళ్ళాలని ఇంట్లో అనుకున్నారు. ఆమదాలవలస దాకా బండిలో వెళ్ళి, అక్కడ రైలెక్కాలి. నేను అంతవరకు రైలును చూడనైనా లేదు. నెల ముందునుంచే నా పరికిణీ మడతపెట్టి తలకింద పెట్టుకుని పడుకునేదాన్ని. సరిగ్గా ప్రయాణం రెండు రోజులుందనగా మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, పిడుగులాంటి మాట అంది.

"ఒరే, పిల్లని తేవద్దురా. కలొచ్చినాది. తలంతా నూనె కారిపోతంటే దున్నపోతెక్కి దక్షిణానికి పోతన్నాది."

నూనె, దున్నపోతు, దక్షిణం! పంచాంగంలో ఈ మూడూ చెడ్డవే. పైగా సింహాచలం మాకు దక్షిణమాయె. నాన్నగారి ముఖం వాడిపోయింది. నన్ను పక్కింటి అత్త దగ్గర వదిలిపెట్టాలని అమ్మతో అనేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదెక్కడి న్యాయమండీ! కల కన్నది ఆవిడ, ఇంట్లో పడి ఉండాల్సింది నేనా? దున్నపోతెక్కమని నేనడిగానా?

నాకూ చదువొచ్చుగా! పంచాంగం తెచ్చి నాన్నగారి ముందు గట్టిగా చదివాను. మెలకువలో చూసినవే కలలోకి వస్తే ఫలం ఉండదు. తిన్నది అరక్క వచ్చిన కలకు ఉండదు. పగటి కలకు అసలే ఉండదు. ముందురోజు నా తలకు గిన్నెడు నూనె అంటింది మామ్మే. గుమ్మంలోకి వచ్చిన దున్నపోతును కర్ర పట్టుకుని తోలిందీ మామ్మే. ఆ మధ్యాహ్నం పనసపొట్టు కూర రెండుసార్లు వడ్డించుకుందీ మామ్మే.

నాన్నగారు నెమ్మదిగా, "అమ్మా, కల ఎప్పుడొచ్చినాది?" అని అడిగారు.

"తెల్లారగట్ట," అంది మామ్మ.

"కాదు నాన్నా! నిన్న మజ్జాన్నం! జపం సేసుకుంటా స్తంభానికి జారబడి గుర్రెట్టింది!"

మామ్మ జపమాల గుండెకు హత్తుకుంది. "ఏటే! సామి పేరు సెప్పుకుంటన్న నోరు గుర్రెడతాదా? పగటేల నిద్దరోయే మడిసినా నాను? సూడరా నీ కూతురి సదువు!"

మామ్మ గురక మా ఇంట్లో అందరికీ తెలుసు. వీధికీ తెలుసు. కానీ లెంపలేసుకోమన్నది నన్ను! నిజం చెప్పినందుకు లెంపలు! వేసుకున్నాను, ఆ కసితో అన్నం మాత్రం ముట్టలేదు. బెల్లం బుట్టల వెనకాల కూర్చుని, మామ్మ ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

అలిగినా పని తప్పదు కదా. మర్నాడు తెల్లవారకముందే లేచి, మామ్మ చల్ల చిలుకుతుంటే కుండ కదలకుండా పట్టుకున్నాను. వెలుగు వచ్చాక నాన్నగారు పెరట్లోకి వచ్చారు. మామ్మ కవ్వం ఆపింది.

"ఒరే, ఇప్పుడే తెల్లారగట్ట కలొచ్చినాదిరా. అప్పన్న అగుపడి, 'పిల్లని తేకండా నా కొండెక్కకు' అన్నాడు. తీసుకెల్దాం."

తెల్లారగట్ట! కుండకు అటు ఆవిడ, ఇటు నేను! కోపమంతా ఒక్కసారిగా పొంగుకొచ్చి, "మామ్మా, నువ్వు అప్పుడు..." అనబోయేలోగా నా నోట్లో ఇంత వెన్నముద్ద పడింది. మామ్మ నా కళ్ళలోకి చూసింది. బతిమాలుతున్నట్టు ఉంది ఆ చూపు. వెన్నతోపాటు మాటనూ మింగేశాను.

రైలెక్కాను. మెట్లెక్కాను. స్వామి ముందు నిలబడ్డాక నాకు పరికిణీ గుర్తు రాలేదు, రైలూ గుర్తు రాలేదు. "తండ్రీ, నీ పేరు పెట్టి మామ్మ అబద్ధమాడింది. అది నాకోసమే. శిక్ష ఏదైనా ఉంటే నాకే వెయ్యి," అని వేడుకున్నాను. పక్కకు చూస్తే మామ్మ కళ్ళు మూసుకుని, నావైపు వేలు చూపిస్తూ స్వామికి ఏదో గట్టిగా నచ్చజెబుతోంది.

మరొకరి శిక్ష నాకు వెయ్యమని దేవుణ్ణి అడిగేంత మనసు ఆ పదకొండేళ్ళ పిల్లకు ఎక్కడిదో! ఇన్నేళ్ళుగా ఆయన్ని నేను అడుగుతున్నదల్లా నా మోకాళ్ళ గురించే.