మామగారి కోసం తీసిన వీడియో

రిటైరైన మర్నాటి నుంచీ మామగారికి ఫోనే లోకం. మనవరాలు బుజ్జమ్మకి ఆటిజం అని తెలిశాక ఆ లోకంలో డాక్టర్లు కూడా పుట్టుకొచ్చారు. ఒకాయన పాలు మానెయ్యమన్నాడు. ఇంకొకావిడ రొట్టె ముట్టనివ్వొద్దంది. మరొకాయన అరికాళ్లకి ఏదో నూనె రాస్తే నెల తిరక్కుండా మాటలొస్తాయని ఒట్టేశాడు. మామగారు ఎవర్నీ చిన్నబుచ్చకుండా అందరి మాటా విన్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల, ఇష్టంగా తినేదే పాలూ రొట్టే. ఆ రెండూ వీడియోల పాలయ్యాయి.

కోడలు ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు కత్తిరించి అతికించే పని చేస్తుంది. చూడ్డానికి నెమ్మదే గానీ ఒళ్లంతా చిలిపితనం. వారం వారం పిల్లని థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లేది ఆవిడే. అక్కడ విన్నది ఇంటికొచ్చి చెప్తే మామగారు, "వీడియోలో అలా చెప్పలేదే," అనేవాడు. భర్తతో మొరపెట్టుకుంటే, నాన్న కదా, నువ్వే సర్దుకోమని అటు తిరిగి పడుకున్నాడు.

సరే, సర్దుకుంది. తనదైన పద్ధతిలో.

స్టూడియో యజమానిది గంభీరమైన గొంతు. ఆయనకి పక్క మందుల షాపులోంచి అరువు తెచ్చిన తెల్లకోటు తొడిగింది. ముక్కూ మూతీ కనబడకుండా మాస్కు పెట్టింది. వెనకాల పుస్తకాల బీరువా బొమ్మున్న పరదా దించింది. తాతయ్యలూ ఇది మీకోసమే అని మొదలుపెట్టి, ఆయన చల్లగా చెప్పుకుపోయాడు: పిల్లకి ఏదిష్టమో చూడండి, రోజూ కాసేపు ఫోన్ పక్కన పెట్టి ఆ ఇష్టంలోకి పిల్ల వెంట వెళ్లండి, ఏమీ నేర్పొద్దు, తిండి మాన్పించాలంటే ముందు పిల్లని చూస్తున్న డాక్టర్ని అడగండి. మాటలన్నీ థెరపిస్ట్‌వే, వేషమొక్కటే దొంగది. పైన ఎర్రటి అక్షరాలతో 'ఈ రహస్యం మీకెవరూ చెప్పరు' అని అతికించి, ఆడపడుచుని మంచి చేసుకుని ఆవిడ చేత పంపించింది.

మామగారు మూడుసార్లు చూశాడు. సాయంత్రం ఫోన్ టీవీ పక్కన పెట్టి లేచాడు.

బుజ్జమ్మకి వాళ్ల అపార్ట్‌మెంట్‌లో లిఫ్టంటే ప్రాణం. తాతామనవరాళ్లు కిందికీ పైకీ ఒకటే తిరుగుడు. మొదటిరోజు ఆయనకి కళ్లు తిరిగి మెట్ల మీద చతికిలపడ్డాడు. తర్వాత అలవాటైంది. తలుపు మూసుకునే ముందు మోగే శబ్దాన్ని పిల్ల ఓ క్షణం ముందే కూనిరాగంలా తీస్తుందని కనిపెట్టింది ఆయనే. ఒకరోజు ఆయన పరధ్యానంలో ఉంటే పిల్ల ఆయన వేలు పట్టుకుని మూడో అంతస్తు బటన్ మీద పెట్టింది. ఆ పూట భోజనం దగ్గర మామగారు తన వేలిని తనే చూసుకుంటూ కూర్చున్నాడు. పాలూ రొట్టే కూడా తిరిగొచ్చాయి.

అంతా బాగానే ఉండేది, ఆయన పాస్‌పోర్ట్ ఫొటో కోసం స్టూడియోకి వెళ్లకపోతే.

"గడ్డం కొంచెం పైకెత్తండి," అన్నాడు యజమాని.

మామగారు గడ్డం ఎత్తలేదు. ఆ గొంతు గుర్తుపట్టి, "బాగున్నారా డాక్టరు గారూ?" అన్నాడు. పరదా వెనక కోడలు నాలిక కరుచుకుంది.

ఆ తర్వాత రెండు రోజులు మామగారు తన కాఫీ తనే పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో అది యుద్ధం ప్రకటించడమే. చివరికి కోడలే వెళ్లి ఎదురుగా నిలబడి, మోసం చేశాను, క్షమించమంది.

"అది సరే అమ్మాయ్. మిగతావాళ్లు కూడా అరువు కోట్లవాళ్లేనా?"

"కొందరు నిజం డాక్టర్లే అయ్యుండొచ్చు మావయ్యగారూ. చూస్తే తెలీదు కదా. అడగాలి."

"పిల్ల పాలగ్లాసు నా చేత్తోనే లాక్కున్నాను," అన్నాడు మెల్లగా.

మర్నాటి నుంచి అడగడం మొదలుపెట్టాడు. ప్రతి వీడియో కింద ఒకటే పాట: అయ్యా, తమరు ఏం చదివారు, ఏ ఆసుపత్రిలో చూస్తారు, ఈ నూనెతో ఎవరికి మాటలొచ్చాయి? ఒక ఆవిడ మాత్రం ఓపిగ్గా తన చదువూ ఆసుపత్రీ చెప్పి, ఆటిజానికి నూనెలూ పథ్యాలూ మందు కావని రాసింది. ఆవిడకి దండం పెడుతున్న బొమ్మ పంపాడు. నూనె డాక్టరు మాత్రం జవాబివ్వకుండా ఆయన్ని బ్లాక్ చేశాడు. రొట్టె ఆవిడా అంతే.

మామగారు ఆ సంగతి ఇరుగుపొరుగుకి పతకం వచ్చినంత గొప్పగా చెప్పుకుని, కోడలి దగ్గరికొచ్చి ఫోన్ చాపాడు.

"అమ్మాయ్, ఇంకో పేరుతో ఖాతా తెరిచిపెట్టు. అడగాల్సినవి ఇంకా ఉన్నాయి."